పీఎస్‌యూ కొనేముందు గోడలో సాకెట్ చూడండి: అఫ్జల్‌గంజ్‌లో రెండు జీపీయూల వర్క్‌స్టేషన్

రెండు ఆర్‌టీఎక్స్ 4090లతో మెషిన్ కడతానంటే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న 'పీఎస్‌యూ ఎన్ని వాట్లు తీసుకోవాలి బ్రో?' అనే. అఫ్జల్‌గంజ్‌లో, స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో ఒక పాత మేడ మీది గదికి అలాంటి ఏఐ ట్రెయినింగ్ మెషిన్ ప్లాన్ చేసినప్పుడు నేను మాత్రం ముందు గోడలో సాకెట్ చూశాను. ఎందుకో లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఒక్కో 4090కి 450 వాట్లు, రెండింటికి 900. థ్రెడ్‌రిప్పర్ 7000 ప్రాసెసర్‌కి 350. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు, ఫ్యాన్లకి ఇంకో వంద వేసుకుందాం. మొత్తం 1350. పీఎస్‌యూ 90 శాతం ఎఫిషియెన్సీతో పనిచేస్తే గోడ నుంచి లాగేది 1500 వాట్లు. అంటే 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ అప్పటికే దాటేశాం! వోల్టేజీ 200కి పడిందనుకోండి, పీఎస్‌యూ పవర్ తగ్గించుకోదు, కరెంటే ఎక్కువ లాగుతుంది: 7.5 ఆంపియర్లు. గేమింగ్‌లో ఈ లోడు వచ్చిపోతుంటుంది. ట్రెయినింగ్‌లో రాత్రంతా అలాగే ఉంటుంది. పాత వైరింగ్‌లో ఎక్కడో ఒక స్క్రూ వదులుగా ఉంటే చాలు, అక్కడ కాలడం మొదలవుతుంది. అది గోడలోపల కాబట్టి ఏ మానిటరింగ్ సాఫ్ట్‌వేరూ మీకు చూపించదు.

అందుకే పార్ట్స్ కంటే ముందు ఎలక్ట్రీషియన్. మెయిన్ బోర్డు నుంచి విడిగా ఎంసీబీ, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దే వద్దు. ఏసీకి ఇంకో లైను.

ఇక పీఎస్‌యూ అంటారా, 1600 వాట్ల ఏటీఎక్స్ 3.0 మోడల్ తీసుకోండి. జీపీయూలు రెప్పపాటులో వందో వంతు కంటే తక్కువసేపు రేటింగ్ దాటి లాగుతాయి, ఆ స్టాండర్డ్ దాన్ని లెక్కలోకి తీసుకుంది. 16 పిన్నుల కనెక్టర్‌ని చివరిదాకా నొక్కండి. 2022లో కరిగిపోయిన కనెక్టర్ల ఫొటోలు చూసే ఉంటారు.

కూలింగ్‌లో చాలామంది మర్చిపోయేది ఒకటుంది. లిక్విడ్ కూలర్ అయినా వేడిని మాయం చేయదు, కేసులోంచి గదిలోకి పంపుతుంది. 1500 వాట్లంటే గదిలో ఒక హీటర్ ఆపకుండా నడుస్తున్నట్టే. దాన్ని లాగడానికే ఏసీలో దాదాపు 0.43 టన్ను పోతుంది. మే నెలలో గది 40 డిగ్రీలుంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలికి వెళ్లేది ఆ 40 డిగ్రీల గాలే. పైగా చాలా 4090లు మూడు స్లాట్లకు మించి లావు. పక్కపక్కనే పెడితే పై కార్డు కింది కార్డు వదిలిన వేడినే పీలుస్తుంది. కాబట్టి రైజర్ కేబుల్‌తో ఒకదాన్ని దూరం జరపాలి, లేదా వేడిని వెనకనుంచి బయటికి ఊదే బ్లోయర్ కార్డులు కొనాలి. బస్సుల రోడ్డు పక్కన కదా, డస్ట్ ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాల్సిందే.

నా ఓటు మాత్రం పవర్ లిమిట్‌కే. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ కమాండ్‌తో ఒక్కో కార్డుని 320 వాట్లకు కడితే స్పీడు పోయేది కొంచెమే. గోడ దగ్గర మాత్రం లోడు 1200 వాట్ల దగ్గరికి దిగుతుంది. రీబూట్ అయితే ఆ లిమిట్ పోతుంది, అందుకే స్టార్టప్ స్క్రిప్ట్‌లో పెట్టుకోండి.