ఎనిమిది పంక్తులు, రెండు రూపకాలు

అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన 'డ్రీమ్స్' 1923లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. కవిత మొత్తం ఎనిమిది పంక్తులే. కలల్ని గట్టిగా పట్టుకోమంటాడు, అంతే. కష్టపడితే పైకొస్తావని ఆశపెట్టడు, గెలుపు నీదేనని హామీ ఇవ్వడు. అయినా చదివినవాళ్లు కదిలిపోతారు. ఆ పని చేసేవి అందులోని రెండు రూపకాలు.

మొదటిది రెక్క విరిగిన పక్షి. కలలు చనిపోయిన బతుకు అదేనంటాడు. ఆ పక్షి చావలేదు. గింజలు ఏరుకుంటుంది, గెంతుతుంది, కూస్తుంది. ఎగరడం ఒక్కటే లేదు. ఉద్యోగం, జీతం, ఈఎంఐలు సక్రమంగా నడుస్తున్నా లోపలేదో ఆగిపోయిన మనిషి అందులో తనను చూసుకుంటాడు. పెద్దలు వందసార్లు చెప్పినా చెవికెక్కని మాట అక్కడ గుండెకు తగులుతుంది, ఎందుకంటే దాన్ని తనకు తానే చెప్పుకున్నాడు.

రెండోది మంచు గడ్డకట్టిన బీడు. నాకు ఇదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. విరిగిన రెక్క అతక్కపోవచ్చు, మంచు మాత్రం కరుగుతుంది. కవి ఆ మాట అనలేదు, కవితను చలిలోనే వదిలేశాడు. కానీ నాలుగు వానలు పడి నాగలి కదిలితే బీడు ఏమవుతుందో మన రైతులకు ఒకరు చెప్పాలా? పెళ్లితో చదువు ఆపేసినవాళ్లు, నలభై దాటాక సంగీతం నేర్చుకోవాలని మనసుపడేవాళ్లు పట్టుకోవాల్సింది ఈ రూపకాన్నే.

1951లో వచ్చిన 'హార్లెం' కవితలో ఆయన గొంతు మారింది. వాయిదా పడ్డ కల ఏమవుతుందని అడుగుతూ ఎండిన ద్రాక్ష, చీముపట్టిన పుండు, కుళ్లిన మాంసం, పైన పంచదార పేరుకున్న మిఠాయి, కుంగదీసే బరువు అంటూ వరసగా ఉపమానాలు ఇస్తాడు. చివరి పంక్తిలో పోలిక వదిలేసి, పేలిపోతుందా అని సూటిగా అడుగుతాడు. అవి జాతి వివక్ష తొక్కిపెట్టిన కలలు. కల ఆగితే తప్పంతా కలగన్నవాడి బద్ధకానిదే అనే వ్యక్తిత్వ వికాస పాఠాలను నేను ఒప్పుకోలేనిది అందుకే.

కలను పట్టుకోవడమంటే ఏమిటో హ్యూస్ బతికి చూపించాడు. తండ్రి ఇంజినీరు కమ్మన్నాడు. కొలంబియా యూనివర్సిటీలో చేరి ఏడాదికే బయటికొచ్చేశాడు. సరుకుల ఓడెక్కి ఆఫ్రికా తీరానికి వెళ్లాడు. 1925లో వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో ఎంగిలి పళ్లేలు తీసే పనిలో ఉండగా, వేచల్ లిండ్సే అనే పేరున్న కవి అక్కడ భోజనానికి వచ్చాడు. హ్యూస్ తన కవితలు మూడు ఆయన పళ్లెం పక్కన పెట్టి గబగబా వెళ్లిపోయాడు. ఆ రాత్రి సభలో లిండ్సే వాటిని చదివి వినిపించాడు. మరుసటి ఏడాది హ్యూస్ తొలి సంపుటి 'ది వియరీ బ్లూస్' వెలువడింది.