కొండపల్లి అడవికి మనుషులు కావాలి

మైలవరం నుంచి జి.కొండూరు మీదుగా విజయవాడ వెళ్తుంటే కనిపించే కొండల్లో కొండపల్లి రిజర్వు ఫారెస్టు ఉంది. సుమారు 30 వేల ఎకరాల ఆకురాల్చే అడవి. చిరుతలు, నక్కలు, అడవిపందులు తిరిగే చోటు. కొండపల్లి బొమ్మకు కర్రనిచ్చే తెల్లపొణికి ఇక్కడిదే. నరుకుడు ఎక్కువై, తిరిగి పెంచడం తక్కువై ఆ చెట్టు అరుదైంది. బొమ్మలు చేసేవాళ్లు కర్ర కోసం వెతుక్కుంటున్నారు.

ఇలాంటి అడవిని మళ్లీ నిలబెట్టడం జీతమొచ్చే వృత్తి. బోటనీ, జువాలజీ చదివిన పిల్లలు బీఈడీ తప్ప దారి లేదనుకుంటుంటే బాధేస్తుంది.

ముందు పనేమిటో చూడండి. కార్చిచ్చు రాకముందే పొణికి కాయలు ఏరాలి, నర్సరీలో మొలిపించాలి, వానలు పడగానే నాటాలి. ఫొటోలు అక్కడితో ఆగిపోతాయి, కష్టం అక్కడే మొదలవుతుంది. మేకలు మేయకుండా కాయాలి. మంటలు పాకకుండా గడ్డి చెక్కి దారులు తీయాలి. లాంటానా, సర్కారు తుమ్మ కమ్మేయకుండా పెరకాలి. ఎన్ని మొక్కలు బతికాయో ఏటా లెక్క రాయాలి. అన్నీ పొణికే నాటితే అది తోటే అవుతుంది. పక్షులకు పండ్లిచ్చే తునికి, తేనెనిచ్చే మోదుగ కూడా ఉంటేనే జంతుజాలం తిరిగొస్తుంది. ఏ చెట్టు ఏ వాలులో బతుకుతుందో తెలిసినవాళ్లు చాలా తక్కువ. మీకు అవకాశం అక్కడే ఉంది.

ఇంటర్ పాసైతే ఏపీపీఎస్సీ ద్వారా ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కావచ్చు. రాతపరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది: 4 గంటల్లో పురుషులు 25, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే కాళ్లు సహకరించవు. సైన్సు, వ్యవసాయ డిగ్రీలున్నవాళ్లే కాదు, ఇంజినీర్లు కూడా యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు అర్హులు. 2013 నుంచి దీనికి సివిల్స్ ప్రిలిమ్సే వడపోత. పరిశోధన ఇష్టమైతే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో ఎమ్మెస్సీ ఉంది. ఉపగ్రహ చిత్రాలతో మ్యాపులు గీయగలిగితే పునరుద్ధరణ ప్రాజెక్టుల్లో చోటు దొరుకుతుంది.

చదువు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. కొండపల్లిలో బొమ్మలు చేసే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఒకప్పుడు పొణికి ఏ వాలులో, ఏ వాగు పక్కన దొరికేదో అడిగి రాసుకోండి. ఆ నోటుబుక్కు తీసుకుని రేంజ్ ఆఫీసుకు వెళ్లి, నర్సరీలో పని నేర్చుకుంటామని అడగండి.