గిటార్ కార్డ్: బట్టీ పట్టకుండా నేర్చుకుందాం



తీగ వాయిద్యాలలో గిటార్ ఒకటి. ఇది స్పెయిన్ దేశంలో బాగా పెరిగింది. ఆ దేశంలో వడ్రంగం నేర్చిన ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892) అనే ఆయన చేసిన గిటార్లను చూసే తర్వాతి వాళ్లు ఈ ఆకారంలో చేయసాగారు. మన దేశంలో సినిమా పాటల్లో, చర్చి పాటల్లో, బడి పాటల్లో గిటార్ వినిపిస్తుంది. ఇళయరాజా గారు పల్లెటూరిలో పుట్టారు. 1976లో సంగీత దర్శకుడు కాకముందు ఆయన వేరే సంగీత దర్శకుల దగ్గర గిటార్ వాయించారు.

మన హాస్టల్లో చాలామందికి గిటార్ పట్టుకోవాలని ఆశ. కానీ "కార్డ్‌లు రావు" అని వదిలేస్తారు. కొందరు కాగితం మీద చుక్కలు చూసి బట్టీ పడతారు. పాడే అమ్మాయి శ్రుతి మార్చితే వాళ్ల చెయ్యి ఆగిపోతుంది. అందుకే కార్డ్ ఎలా తయారవుతుందో ఈ పాఠంలో రాస్తున్నాను. పన్నెండు వరకు లెక్కపెట్టడం వస్తే చాలు, ఇది అందరికీ అర్థమవుతుంది.

కార్డ్ అంటే ఏమిటి?

ఇది పోస్టు కార్డు కాదు, రేషన్ కార్డు కాదు! మూడు వేరువేరు స్వరాలు ఒకేసారి మోగితే దాన్ని కార్డ్ అంటారు. ఆరు తీగలు మోగినా అందులో స్వరాలు మూడే ఉంటాయి. మిగతావి వాటికే పై స్థాయి, కింది స్థాయి. మన అసెంబ్లీలో కొందరు సన్నగా, కొందరు లావుగా ఒకే పాట పాడతారు కదా, అలాగన్నమాట.

తీగలు, మెట్లు

గిటార్‌కు ఆరు తీగలు. అన్నిటికంటే సన్నది 1వ తీగ, అన్నిటికంటే లావుది 6వ తీగ. లావు తీగ నుంచి వాటి పేర్లు: ఇ, ఎ, డి, జి, బి, ఇ. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలను వీణకు చెప్పినట్టే మెట్లు అందాం. "2వ మెట్టు నొక్కాలి" అంటే 1, 2 కమ్మీల మధ్యన, 2వ కమ్మీకి దగ్గరగా నొక్కాలి. సరిగ్గా కమ్మీ మీదే నొక్కితే శబ్దం మూసుకుపోతుంది.

ఒక్కో మెట్టు ముందుకు పోతే స్వరం ఒక్కో స్థానం పెరుగుతుంది. 12వ మెట్టు దగ్గర మళ్లీ అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. మనం నొక్కకుండా మీటిన తీగను "స" అనుకుంటే 2వ మెట్టు రి, 4వ మెట్టు గ, 5వది మ, 7వది ప, 9వది ద, 11వది ని, 12వది పై స. (ఇది శంకరాభరణం లెక్క.) మధ్యలో మిగిలిన మెట్లు మిగతా స్వరాలవి. 3వ మెట్టు కూడా గ నే, కానీ చిన్న గ. దీన్ని గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

దారంతో ఒక ప్రయోగం

గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ నుంచి పొట్ట మీద తీగలు ఆనే చోటు వరకు ఒక దారం కొలిచి తెంపండి. పెద్ద గిటార్‌కు అది సుమారు 65 సెంటీమీటర్లు వస్తుంది.

దారాన్ని రెండు మడతలు పెట్టండి. తల నుంచి ఒక మడత కొలిస్తే 12వ మెట్టు దగ్గరికి చేరుతుంది. మూడు మడతలు పెట్టి ఒక మడత కొలిస్తే 7వ మెట్టు, అంటే ప. అయిదు మడతలు పెట్టి ఒక మడత కొలిస్తే దాదాపు 4వ మెట్టు, అంటే గ. దాదాపు అని ఎందుకు అన్నానంటే నాలుగు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఏ స్వరం నుంచి మొదలుపెట్టినా లెక్క ఒకేలా ఉండాలని మెట్లన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తూ పెట్టారు. అందుకని ఆ కొంచెం తేడా.

చూశారా! మనం ఆరో తరగతిలో చదివిన భిన్నాలే ఇక్కడ ఉన్నాయి. మొత్తం తీగ స, అయిదో వంతు తగ్గిస్తే గ, మూడో వంతు తగ్గిస్తే ప. స, గ, ప కలిపి మీటితే అదే మేజర్ కార్డ్. చిన్న చిన్న భాగాల లెక్కలో ఉన్నందుకే ఈ మూడు శబ్దాలు ఒకదానితో ఒకటి కొట్లాడవు.

మేజర్, మైనర్

లెక్క ఇలా గుర్తుపెట్టుకోండి. స నుంచి 4 మెట్లు, అక్కడి నుంచి 3 మెట్లు అయితే మేజర్. ముందు 3 మెట్లు, తర్వాత 4 మెట్లు అయితే మైనర్. ఎలా లెక్కపెట్టినా మొత్తం 7 మెట్లే. స, ప కదలవు. మధ్యలో గ మాత్రమే ఒక మెట్టు వెనక్కి వస్తుంది.

ఇప్పుడు పట్టి చూద్దాం. 4, 3, 2 తీగలను మూడింటినీ 2వ మెట్టు దగ్గర నొక్కండి. 5, 1 తీగలు వదిలేయండి. 6వ తీగ మీటొద్దు. ఇది ఎ మేజర్. ఇందులో సన్నటి మూడు తీగలు సెకనుకు సుమారు 220, 277, 330 సార్లు కంపిస్తాయి. (ధ్వని పాఠంలో పౌనఃపున్యం, హెర్ట్జ్ అని చదివామే, అదే.) ఇప్పుడు 2వ తీగ మీద వేలు ఒక్కటి 1వ మెట్టుకు జరపండి. 220, 262, 330 అయింది. ఇది ఎ మైనర్. ఒక్క వేలు ఒక్క మెట్టు జరిగితే పాట ముఖమే మారిపోతుంది. మేజర్ సంతోషంగా, మైనర్ దిగులుగా ఉంటుందని చెప్తారు. కానీ మైనర్‌ను గబగబా వాయించండి, అది కూడా గంతులేస్తుంది.

మూడు కార్డ్‌లతో ఏడు స్వరాలు

ఎ ని "స" అనుకుంటే ఈ మూడు నేర్చుకోవాలి.

ఎ మేజర్: స గ ప. పైన చెప్పినట్టే పట్టాలి.
డి మేజర్: మ ద స. 3వ తీగ 2వ మెట్టు, 2వ తీగ 3వ మెట్టు, 1వ తీగ 2వ మెట్టు. 4వ తీగ వదిలి మీటాలి. 5, 6 తీగలు మీటొద్దు.
ఇ మేజర్: ప ని రి. 5, 4 తీగలు 2వ మెట్టు, 3వ తీగ 1వ మెట్టు. మిగతావి వదలాలి. ఆరూ మీటొచ్చు.

స గ ప, మ ద స, ప ని రి. వేళ్ల మీద లెక్కపెట్టండి, ఏడు స్వరాలూ వచ్చేశాయి! అందుకే ఈ మూడు వస్తే చాలా పాటలకు తోడు వాయించవచ్చు. పాట చరణం ఏ స్వరం మీద ఆగుతుందో వినండి. గ మీద ఆగితే ఎ. మ, ద మీద ఆగితే డి. రి, ని మీద ఆగితే ఇ. స, ప రెండేసి కార్డ్‌లలో ఉన్నాయి కాబట్టి రెండూ వాయించి చూసి ఏది అతుకుతుందో చెవినే అడగాలి.

శ్రుతి ఎక్కువ కావాలంటే పెన్సిల్‌ను 2వ మెట్టు దగ్గర ఆరు తీగల మీద అడ్డంగా పెట్టి, మెడ వెనక నుంచి రబ్బరు బ్యాండుతో గట్టిగా బిగించండి. అవే ఆకారాలు పట్టుకున్నా స్వరాలన్నీ రెండు స్థానాలు పెరుగుతాయి.

మన పాటల సంగతి

ఇది అన్నిటికంటే ముఖ్యం. మన గూడేల్లో పాటలకు కార్డ్‌లు లేవు. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు, డోలు నడిపిస్తుంది. గోండుల కథలు పాడే ప్రధాన్ల కిక్రికి తీగలు మూడే, దాన్ని కమానుతో వాయిస్తారు. వార్షికోత్సవాలప్పుడు ఇలాంటి పాటలను కీబోర్డుకో గిటార్‌కో సరిపోయేలా మార్చి పాడించడం చాలాచోట్ల చూస్తాం. పాటలో చిన్న గ ఉంటుంది, వెనక మేజర్ కార్డ్‌లో పెద్ద గ మోగుతుంది. రెండూ పక్కపక్క మెట్లు కాబట్టి కొట్లాడతాయి. పాడే పిల్ల భయపడి తన గ ని మార్చుకుంటుంది. అప్పుడు అమ్మమ్మ విని "ఇది మన పాట కాదు" అంటుంది. నాలుగైదు సార్లు అలా పాడితే మన చెవికి కూడా పాత గ గుర్తుండదు. పుస్తకంలో రాసిలేని పాటకు మన గొంతే పుస్తకం కదా.

దీనికి ఉపాయం ఉంది. ముందు గిటార్ లేకుండా పాటంతా పాడాలి. అందులో గ పెద్దదా చిన్నదా తీగ మీద వెతకాలి. చిన్నదైతే మైనర్. మెట్ల మధ్యలో ఎక్కడో ఉంటే గ ని పూర్తిగా వదిలేయాలి. 5వ తీగ వదిలి, 4వ తీగ 2వ మెట్టు దగ్గర నొక్కి, ఆ రెండే మీటండి. స, ప మాత్రమే మోగుతాయి. తంబూరాకు కూడా ఎక్కువగా ఈ రెండే శ్రుతి చేస్తారు. పాట తన దారిన పోతుంది, గిటార్ వెనక నడుస్తుంది. కార్డ్‌లు లేని గిటార్ తక్కువది కాదు. విశ్వమోహన్ భట్ గారు గిటార్‌ను మార్చి చేసిన మోహన వీణ మీద రాగాలే వాయిస్తారు. ఆయనకు 1994లో గ్రామీ అవార్డు వచ్చింది.

సాధన

1. ఎడమచేతి గోళ్లు కత్తిరించుకోవాలి. మొదట్లో వేళ్ల చివర్లు నొప్పి పుడతాయి. కొన్ని వారాలకు చర్మం గట్టిపడి తగ్గుతుంది. రక్తం వచ్చేదాకా వాయించకూడదు.
2. కార్డ్ పట్టాక తీగలు ఒక్కొక్కటే మీటి వినాలి. ఏది మోగలేదో ఆ వేలు సర్దాలి.
3. ఎ నుంచి డి కి, డి నుంచి ఇ కి మెల్లగా మారాలి. తాళం తప్పకూడదు. ఆలస్యమైతే వేగం తగ్గించాలి.
4. గిటార్ ఒక్కటే ఉన్నచోట మన వంతు వచ్చేవరకు చెక్క స్కేలు మీద ఆరు గీతలు గీసి వేళ్లు మార్చడం నేర్చుకోవచ్చు. శబ్దం రాదు, స్టడీ అవర్‌లో ఎవరికీ ఇబ్బంది ఉండదు!

ప్రశ్నలు

1. డి మైనర్ కావాలంటే డి మేజర్‌లో ఏ తీగ మీద వేలు ఎక్కడికి జరపాలి?
2. దారాన్ని ఆరు మడతలు పెట్టి ఒక మడత కొలిస్తే ఏ మెట్టు దగ్గరికి వస్తుంది? అది ఏ గ?
3. మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడే ఒక పాటలో గ పెద్దదా, చిన్నదా? సెలవులకు పోయినప్పుడు అడిగి పాడించుకుని, వచ్చాక చెప్పండి.

మొదటి రెండింటికి జవాబులు వచ్చే సంచికలో రాస్తాను. మూడోదానికి జవాబు మీ దగ్గరే ఉంది.

– 9వ తరగతి విద్యార్థిని