అశోకుడు కళింగపై ఎందుకు దండెత్తాడు?

కళింగ యుద్ధం క్రీ.పూ. 261లో, అశోకుని పట్టాభిషేకం జరిగిన 8 ఏళ్లకు జరిగిందని అందరూ చదువుతారు. కారణం అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. అశోకుని 13వ శిలాశాసనం 1,50,000 మందిని చెరపట్టడం, లక్ష మంది హతం కావడం, రాజు పశ్చాత్తాపం గురించి చెబుతుంది. దండయాత్రకు కారణం మాత్రం చెప్పదు. కాబట్టి కింది కారణాలు చరిత్రకారుల అంచనాలే.

అన్నిటికన్నా బలమైనది భౌగోళిక కారణం. మగధ నుంచి దక్షిణాదికి వెళ్లే తూర్పు తీర మార్గం కళింగ మీదుగానే సాగుతుంది. ఆ తీరంలోని రేవులు సముద్ర వర్తకానికి ఆధారం. దక్షిణాన చాలా భాగం అప్పటికే అశోకుని వంశమైన మౌర్యుల ఏలుబడిలో ఉండగా, మధ్యలో స్వతంత్ర రాజ్యం మిగలడం మౌర్య రాజధాని పాటలీపుత్రానికి మింగుడుపడని విషయం.

రెండోది పాత హక్కు. ఒకప్పుడు కళింగపై, మౌర్యులకు ముందు మగధను ఏలిన నందుల అధికారం నడిచిందని తర్వాతి కళింగ రాజు ఖారవేలుని హాతిగుంఫా శాసనం వల్ల తెలుస్తోంది. మూడోది సైనిక భయం. కళింగ రాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

పరీక్షలో తరచూ పొరబడే అంశం: కళింగలోని ధౌలి, జౌగడలలో 13వ శాసనం లేదు, బదులుగా ప్రత్యేక కళింగ శాసనాలున్నాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో మాత్రం 13వ శాసనం ఉంది.