సెలవులకు ఎక్కడికి పోదాం? – యాత్రికుల మూడు ప్రశ్నలు

మన సోషల్ పుస్తకంలో చూడదగిన స్థలాల పేర్లు ఉన్నాయి. అయితే మనుషులు అక్కడికి పోవాలని ఎట్లా నిర్ణయం చేసుకుంటారు? ఈసారి గోడపత్రికలో ఆ పాఠం చెప్పుకుందాం.

పర్యాటకుడు అనగా ఎవరు?

తాను ఉండే ఊరు విడిచి, ఇంకోచోట కనీసం ఒక రాత్రి గడిపి, ఏడాదిలోపు తిరిగి వచ్చేవాడు పర్యాటకుడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు ఒకరోజు సందర్శకుడు. సుట్టాలింటికి పోయి రాత్రి ఉన్నా లెక్కలో పర్యాటకుడే. కానీ పోయినచోట కూలికి పనిచేసేవాడు పర్యాటకుడు కాడు. చెరుకు కొట్టడానికి వలసపోయే కుటుంబం నూర్ల కిలోమీటర్లు తిరుగుతుంది. కొత్త ఊర్లు, కొత్త నదులు చూస్తుంది. అయినా దాన్ని ఎవ్వరూ విహారయాత్ర అనరు. కాబట్టి తిరగడం వేరు, సెలవు మీద తిరగడం వేరు.

మొదటి ప్రశ్న: పోవాలా, వద్దా?

దీనికి నాలుగు కావాలి. 1. తీరిక 2. పైసలు 3. ఆరోగ్యం 4. ఇంటికాడ ముసలోళ్లను, బర్లను చూసుకునే మనిషి. ఇందులో ఒక్కటి లేకున్నా ప్రయాణం ఆగిపోతుంది.

అందరికన్నా ముందు తీరిక సంగతి చూద్దాం. పని లేని రోజు, సెలవు రోజు ఒకటి కావు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇచ్చింది. లెక్క చేయండి: 240 రోజులకు 12 రోజులు. ఫ్యాక్టరీలో పర్మినెంటు నౌకరి ఉన్నవాడు ఆ 12 రోజుల్లో పిల్లలను తీసుకొని ఎటన్నా పోవచ్చు, నెల జీతం తగ్గదు. అదే ఫ్యాక్టరీకి చెరుకు కొట్టి ఇచ్చే కూలికి పని లేని రోజు కూలి లేని రోజు. ఒకే చెరుకు మీద బతికే ఇద్దరిలో ఒకరికి సెలవు ఉంది, ఒకరికి లేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అట్లా ఫ్యాక్టరీ మూతపడితే జీతంతో పాటు జీతం ఉన్న సెలవు కూడా పోతుంది.

రెండో ప్రశ్న: ఎక్కడికి?

మనిషి లోకంలోని అన్ని ఊర్ల నుంచి ఒకటి ఏరుకోడు. తాను విన్న ఊర్ల నుంచే ఏరుకుంటాడు. పేపర్లో, టీవీలో, ఫోన్లో చూసిన దానికన్నా పోయొచ్చినోళ్ల మాటనే ఎక్కువ నమ్ముతాడు. "నీళ్లు మంచిగున్నయి, రాత్రి పండుకోను జాగ దొరికింది" అంటే చాలు, సంచి సర్దుతాడు.

మన దగ్గర చూడదగినవి తక్కువ లేవు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, ఎడపల్లి మండలంలో అలీసాగర్, గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి, నిర్మల్ జిల్లాలో బాసర సరస్వతి గుడి ఉన్నాయి.

అయితే చాలా ఇండ్లల్లో స్థలాన్ని మనిషి ఎంచుకోడు, మొక్కు ఎంచుతుంది. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేండ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. అక్కడ సమర్పించే 'బంగారం' అంటే బెల్లం, మన చెరుకు నుంచి వచ్చేదే. బిడ్డ బాగైతే నిలువెత్తు బంగారం ఇస్తానని తల్లి మొక్కిందంటే పోవాలా వద్దా, ఎక్కడికి, ఎప్పుడు అన్నవి అన్నీ ఆరోజే తేలిపోయాయి. మిగిలింది ఎట్లా పోవాలన్నదే. 12 ఏండ్లకోసారి వచ్చే గోదావరి పుష్కరాలు కూడా అంతే, 2015 జులైలో వచ్చినప్పుడు తేదీ ముందు, మనిషి వెనుక.

మూడో ప్రశ్న: ఎట్లా పోవాలి?

మూడో ప్రశ్నకు జవాబు మారితే మొదటి రెండూ మారతాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అయితే ఇది రాష్ట్రం సరిహద్దు దాకనే. కాబట్టి అమ్మ బాసర పోవడానికి చార్జీ ఉండదు. మహారాష్ట్రలో ఉన్న బంజారాల పుణ్యస్థలం పోహ్రాదేవికి పోవాలంటే మాత్రం సరిహద్దు దాటినాక పైసలు కట్టాలి.

ఖర్చు తగ్గించుకోవాలని ప్రాణం మీదికి తెచ్చుకోరాదు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో పాపికొండలకు పోతున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగి ఎంతోమంది చనిపోయారు. నీళ్లు ఎట్లున్నాయి, లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడగడం పిరికితనం కాదు. వెనక్కి రావడం కూడా యాత్రలో భాగమే.

చూసేవాళ్లు, చూడబడేవాళ్లు

గిరిజనులమైన మనం ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. అరకులో ధింసా, కేస్లాపూర్‌లో నాగోబా జాతర చూడను పట్నం నుంచి జనం వస్తారు. నాగోబా మెస్రం వంశం వాళ్ల దేవుడు. వాళ్లు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. చూడవచ్చినవాళ్లకు అది పండుగ, వాళ్లకు అది వ్రతం. మనం రేపు ఇంకొకరి ఊరికి పోతే అడగకుండా ఫోటో తీయరాదు, చెత్త పారేయరాదు. మన తండాకు వచ్చినవాళ్లు ఎట్లుండాలని అనుకుంటామో మనం కూడా అట్లనే ఉండాలి.

మన విహారయాత్ర

చాలా బళ్లల్లో మొదలు ఊరు నిర్ణయిస్తారు, తర్వాత ఇంత కట్టాలని చెప్తారు. కట్టలేనివాళ్లు "నాకు కడుపునొస్తుంది" అనో, "మా ఇంట్ల పనుంది" అనో హాస్టల్లో ఉండిపోతారు. నిజం ఎవ్వరూ చెప్పరు, ఎవ్వరూ అడగరు.

1841 జులై 5న ఇంగ్లాండులో థామస్ కుక్ అనే ఆయన సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా రైలులో తీసుకుపోయినప్పుడు, మనిషికి ఒక్క షిల్లింగు అని ధర ముందే కట్టాడు. ధర చిన్నగా ఉంటే బండి నిండింది. మనం కూడా క్రమం తిరగేద్దాం. ముందు అందరూ కట్టగలిగిన పైసలు ఎంతో లెక్కించాలి, ఆ పైసలకు అందే ఊరు తర్వాత ఎంచుకోవాలి. పైసలు కాగితం మీద పేరు రాయకుండా డబ్బాలో వేస్తే ఎవరు ఎంత రాశారో తెలియదు. దూరమున్న గొప్ప స్థలానికి సగం మంది పోవడం కన్నా అలీసాగర్‌కు అందరం పోవడమే మంచి యాత్ర. వార్డెన్ సార్లు ఈ సంగతి ఆలోచించాలని మనవి.

అభ్యాసం

1. మీ ఇంట్లో చివరి ప్రయాణాన్ని ఎవరు నిర్ణయించారు? మనిషా, మొక్కా, తేదీయా?
2. ఆ ప్రయాణానికి పోకుండా ఇంటికాడ ఎవరు ఉండిపోయారు? ఎందుకు?
3. మన తరగతిలో అందరూ కట్టగలిగిన పైసలతో పోగలిగే మూడు ఊర్లు రాయండి.

జవాబులు రాసి ఈ పత్రిక కింద అతికించగలరు.