హోటలు వంటింట్లోకి వెళ్ళిన చట్టం

మీరు హోటలుకు వెళ్ళి పూరీ తిన్నారనుకోండి. కూరలో ఉప్పు ఎక్కువైతే నాలుక చెబుతుంది. కూర పాచిపోతే ముక్కు చెబుతుంది. కాని ఆ పూరీని ఏ కొవ్వులో వేయించారో చెప్పగల జ్ఞానేంద్రియం మనకు ఉన్నదా? లేదు. బిస్కట్ల పొట్లం మీద అయితే అందులో ఏమేమి కలిపారో అచ్చు వేస్తారు. పళ్ళెంలోని పూరీ మీద ఎవరూ ఏమీ అచ్చు వేయరు. అమెరికాలోని న్యూయార్క్ నగరం 2006 డిసెంబరులో హోటళ్ళ వంటలలో ఒక రకం కొవ్వును నిషేధించడానికి ముఖ్య కారణాలలో ఇదొకటి. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు కొంచెం రసాయన శాస్త్రం తెలియాలి.

నూనె గడ్డ కట్టేదెలా?

వేరుసెనగ నూనె ద్రవం. వనస్పతి ముద్దగా ఉంటుంది. రెండింటిలోను ఉండేవి కొవ్వు ఆమ్లాలే. కొవ్వు ఆమ్లంలో కర్బన పరమాణువులు పొడవైన గొలుసుగా ఉంటాయి. గొలుసులో రెండు కర్బన పరమాణువుల మధ్య ద్విబంధం ఉంటే దానిని అసంతృప్త ఆమ్లం అంటారు. సహజమైన నూనెలలో ద్విబంధం వద్ద ఉన్న రెండు హైడ్రోజన్ పరమాణువులూ ఒకే వైపున ఉంటాయి. ఇది 'సిస్' రూపం. ఇందువల్ల గొలుసు అక్కడ మోచేయిలాగా వంగుతుంది. వంకర కట్టెలను మోపు కట్టి చూడండి. అవి దగ్గరగా ఒదగవు. ఈ అణువులూ అంతే. అందుకే నూనె ద్రవంగా ఉంటుంది.

జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ 1902లో ఒక పద్ధతికి పేటెంటు కోరాడు. వేడి నూనెలో నికెల్ పొడిని ఉత్ప్రేరకంగా ఉంచి హైడ్రోజన్ వాయువును పంపితే, ద్విబంధాల వద్ద హైడ్రోజన్ చేరి నూనె గట్టిపడుతుంది. ఇలా తయారైన కొవ్వు చవక, పైగా త్వరగా చెడిపోదు. మన దేశంలో ఇంటింటికీ చేరిన వనస్పతి ఈ పద్ధతి నుంచి వచ్చినదే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. చర్యను సగంలో ఆపితే కొన్ని ద్విబంధాలు మిగిలిపోతాయి. వాటిలో కొన్నింటి వద్ద హైడ్రోజన్ పరమాణువులు ఎదురెదురు వైపులకు మారతాయి. ఇదే 'ట్రాన్స్' రూపం. వంకర పోయి గొలుసు దాదాపు తిన్ననవుతుంది.

ఇందులో అపాయమేమిటి?

రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే వాహకాలలో ముఖ్యమైనవి రెండు. ఎల్.డి.ఎల్. పెరిగితే రక్తనాళాల గోడలలో కొవ్వు పేరుకుంటుంది. అదనపు కొలెస్టరాల్‌ను కాలేయానికి తిరిగి చేర్చడంలో హెచ్.డి.ఎల్. తోడ్పడుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మెన్సింక్, కటాన్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో, ట్రాన్స్ కొవ్వు తిన్నవారికి ఎల్.డి.ఎల్. పెరిగింది, హెచ్.డి.ఎల్. తగ్గింది. అంటే రెండు వైపులా నష్టమే!

సలహా చాలలేదు

న్యూయార్క్ అధికారులు మొదటే నిషేధించలేదు. 2005లో ఈ కొవ్వు మానండని హోటళ్ళకు నచ్చజెప్పారు. అప్పటికి సుమారు సగం హోటళ్ళు దానిని వాడుతున్నాయి. ఏడాది తరువాత చూస్తే లెక్క తగ్గనే లేదు. అప్పుడు నిషేధం వచ్చింది. 2007 జూలై నుంచి వేయించే నూనెలకు, 2008 జూలై నుంచి మిగతా వంటకాలకు అది వర్తించింది. ఒక వడ్డనలో ట్రాన్స్ కొవ్వు 0.5 గ్రాముకు లోపే ఉండాలి.

ఈ పాఠం చెబుతుంటే మా తరగతిలో ఒకడు లేచి, "మాస్టారూ! ఎవరి డబ్బుతో వాళ్ళు తింటుంటే ప్రభుత్వానికేం పని?" అన్నాడు. మంచి ప్రశ్నే. న్యూయార్క్‌లోనూ చాలామంది ఇదే అడిగారు. తెలిసి ఎంచుకుంటే అది మన ఇష్టం. కంటికి కనబడనిదాన్ని, ఎవరూ చెప్పనిదాన్ని ఎలా ఎంచుకుంటాం? పైగా అక్కడ వేపుళ్ళను నిషేధించలేదు. వేయించే కొవ్వును మార్చమన్నారు, అంతే.

ఫలితం ఏమిటి?

పలహారశాలల గొలుసు సంస్థలలో మధ్యాహ్న భోజనం కొన్నవారి రసీదులను పరిశీలించారు. 2007లో ఒక్కొక్క కొనుగోలులో ట్రాన్స్ కొవ్వు సగటున 2.9 గ్రాములు. 2009లో 0.5 గ్రాము. సంతృప్త కొవ్వు మాత్రం అర గ్రాము పెరిగింది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ట్రాన్స్ కొవ్వు నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 1 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2,000 కిలో కేలరీలలో 1 శాతం 20. ఒక గ్రాము కొవ్వు 9 కిలో కేలరీలు ఇస్తుంది. 20ని 9తో భాగిస్తే సుమారు 2.2 గ్రాములు. అంటే 2007లో ఒక్క పూట భోజనమే రోజు హద్దును దాటింది!

న్యూయార్క్ కంటే ముందే, 2003లో డెన్మార్క్ నూనెలు, కొవ్వులలో దీనికి 2 శాతం హద్దు పెట్టింది. మన దేశంలోనూ 2022 జనవరి 1 నుంచి పరిశ్రమలో తయారయ్యే ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదు. నూనెలకే కాదు, వాటితో చేసిన తినుబండారాలకూ ఈ హద్దు ఉంది. పాలలో, నేతిలో సహజంగా ఉండే కొద్దిపాటి ట్రాన్స్ కొవ్వు ఈ లెక్కలోకి రాదు.

చట్టం వచ్చిందని రోజూ బజ్జీలు తినవచ్చునా? కూడదు. ట్రాన్స్ కొవ్వు పోయినా కొవ్వు కొవ్వే. కనబడని అపాయాన్ని తగ్గించడం చట్టం పని. కనబడేదాన్ని మితంగా తినడం మన పని.

మీరు చేయండి: ఇంట్లో ఉన్న బిస్కట్లు, వనస్పతి పొట్లాల మీద 'ట్రాన్స్ ఫ్యాట్' అన్న వరుస వెతకండి. అంకెలను నోటు పుస్తకంలో రాసి, 2.2 గ్రాములతో పోల్చండి.