మూలనున్న జనరేటరు ఊరకే ఉంటుందా?

బాలలూ! మా రాయచోటిలో పెళ్ళిళ్ళ రోజుల్లో కరెంటు పోయిందంటే వీధి వీధినా జనరేటర్ల చప్పుడే. ఆషాఢమో మూఢమో రాగానే వాటికి సెలవు. కొట్టుగదిలో పెట్టి గోనెపట్టా కప్పేస్తారు. కొన్ని నెలల తరువాత తాడు లాగితే ఉలకదు, పలకదు. పెళ్ళిలో అయితే ఎలాగో సర్దుకుంటాం. 2021 నవంబరులో చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కదా, అటువంటి రోజున అది పలకకపోతే?

వాడని యంత్రం చెడదని మనం అనుకుంటాం. అది పొరపాటు. లోపల రసాయన శాస్త్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

మొదట పెట్రోలు సంగతి చూద్దాం. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు ఎగిరిపోతుంది. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారుతుంది. కార్బురేటరులో పెట్రోలు వచ్చే రంధ్రం సూదిమొనంత సన్నం. జిగురు దాన్ని మూసేస్తుంది. ఈనాడు పెట్రోలులో కలిపే ఇథనాలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. అందుకే మెకానిక్కు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలిన చుక్కలు కూడా అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపుతాడు. ఈ పని పెద్దలే చేయాలి, ఆరుబయటే చేయాలి. ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు ఇంజను చల్లబడి ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకి పక్కగదిలోని పొయ్యి దాకా పోగలదు!

ఇంజనాయిలు నల్లబడి ఉంటే మార్చాలి. ఇంధనం మండినప్పుడు పుట్టిన ఆమ్లాలు అందులో చేరి లోహాన్ని తినేస్తాయి. తరువాత స్పార్కుప్లగ్గు విప్పి, సిలిండరులో ఒక చెంచాడు కొత్త ఆయిలు పోసి, తాడును రెండు మూడుసార్లు లాగుతారు. ఆయిలు గోడలకంతా పూతలా పట్టుకుంటుంది. ప్లగ్గు మళ్ళీ బిగించి తాడును మెల్లగా లాగితే ఒకచోట గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపాలి. ఎందుకో తెలుసా? అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. తేమగాలికి లోపలికి దారి ఉండదు.

బ్యాటరీ ఉంటే తీగలు విప్పి, నెలకొకసారి ఛార్జి చేయాలి. ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. పొగగొట్టానికి ఇనుపవల చుట్టండి.

ఇన్ని చేసినా, ఇంజను చక్కగా తిరుగుతూ కరెంటు మాత్రం రాకపోవచ్చు! చాలా జనరేటర్లలో ఇనుపదిమ్మలో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతత్వమే మొదటి విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు చుట్టలలో ప్రవహించి అయస్కాంతాన్ని బలపరుస్తుంది. దానితో విద్యుత్తు ఇంకా పెరుగుతుంది. వెర్నర్ సీమెన్స్ 1867లో బెర్లిన్ శాస్త్రవేత్తలకు వివరించిన సూత్రం ఇదే. చాలాకాలం ఊరకే ఉంటే ఆ కాస్త అయస్కాంతత్వమూ పోవచ్చు. మెకానిక్కు బ్యాటరీతో క్షణంసేపు కరెంటు ఇచ్చి దాన్ని తిరిగి తెప్పిస్తాడు. నెలకొకసారి బల్బులు తగిలించి కొంతసేపు నడిపేవారికి ఈ బాధ అరుదు. అయితే ఇంట్లో మాత్రం నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

ఇనుపమేకును అయస్కాంతంతో ఒకేవైపు ఇరవైసార్లు రుద్ది, గుండుసూదులు అంటించి చూడండి. తరువాత మేకును నేలకేసి కొడుతూ, ఎన్ని దెబ్బలకు సూదులు అంటడం మానేశాయో లెక్క రాసుకోండి.